థింసా వరసలో ఒక చోటు

మన్యం గిరిజనులు గుంపుగా ఆడే నాట్యం థింసా. అందులో చాలా రకాలున్నాయి. గ్రామదేవత పేరున ఆడేది బోడ థింసా. పులి బారి నుంచి తప్పించుకునే తీరును ఆడి చూపేది భాగ్ థింసా. బయట తక్కువగా వినిపించే పేరు ఇంకొకటి ఉంది, బయా థింసా. ఊళ్లో మంత్రాలు వేసే గణాచారికి అమ్మవారు పూనినప్పుడు ఆడేది ఇది. ఊరివాళ్లు కర్రలు పట్టుకుని, తలలు వంచి, ఆ మనిషి ఎలా ఊగితే తామూ అలాగే ఊగుతారు. అతను మళ్లీ మామూలు మనిషి అయ్యేదాకా ఆట సాగుతూనే ఉంటుంది. ఒక్క మనిషి తేరుకోవడం కోసం ఊరంతా అతని అడుగులో అడుగు వేస్తుందన్నమాట.

పూనకం జబ్బు కాదు. ఈ వ్యాసం పూనకం గురించీ కాదు. డప్పు ఆగినా తేరుకోని వాళ్ల గురించి. నెలల తరబడి చెవిలో ఎవరివో మాటలు వినిపిస్తున్న కుర్రాడు, కాన్పు తర్వాత దిగులులో కూరుకుపోయిన తల్లి, ఇరవై ఏళ్లొచ్చినా పదిదాకా లెక్కపెట్టలేని అమ్మాయి. పాడేరు నుంచి అరకు పోయే దారిలో ఉన్న హుకుంపేట మండలంలోనూ, చుట్టుపక్కల కొండల్లోని ఊళ్లలోనూ ఇలాంటి వాళ్లు ఉన్నారు, అన్ని చోట్లా ఉన్నట్టే. వాళ్లకు మందు ఎవరిస్తారన్న ప్రశ్న ఎలాగూ ఉంది. మందు పనిచేసి మనిషి కాస్త కుదుటపడ్డాక ఎవరి పక్కన నిలబడాలన్నది రెండో ప్రశ్న. దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

ఆ రెండో ప్రశ్నకు ఒక ఆనవాలు థింసాలోనే ఉంది. ఆడవాళ్లు ఒకరి వీపు మీదుగా ఇంకొకరు చేతులు కలుపుకుని గొలుసులా నిలబడతారు. తుడుము, డప్పు, మోరి మోగుతుంటే గొలుసు మొత్తం ఒకే అడుగు వేస్తుంది. ఇలా కలిసి అడుగు వేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌లో 264 మంది హైస్కూలు విద్యార్థుల చేత నాట్యం చేయించారు. కొందరు ఒకే అడుగు వేశారు, కొందరు ఎవరి అడుగు వాళ్లు వేశారు. కొందరు ఒళ్లంతా కదిపారు, కొందరు కూర్చుని చేతులు మాత్రం కదిపారు. ముందూ వెనకా బీపీ చూసే పట్టీని చేతికి బిగిస్తూ పోయి, ఎంతవరకు ఓర్చుకోగలరో కొలిచారు. నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగిందంటే మెదడులో ఎండార్ఫిన్లు ఊరుతున్నాయని ఒక పరోక్ష ఆధారం. 2015లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఒళ్లు అలిసేలా ఆడినా ఓర్పు పెరిగింది, ఒకే అడుగు వేసినా పెరిగింది. ఈ రెండూ విడివిడిగా పనిచేశాయి. పక్కవాళ్లు తమవాళ్లన్న భావనా అలాగే పెరిగింది. దీనికి మాట్లాడుకోవాల్సిన పని లేదు, ఒకరినొకరు ముందే ఎరిగి ఉండాల్సిన పనీ లేదు. మాట సరిగ్గా రానివాళ్లకు, నలుగురిలో నోరు పెగలని వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మనిషికి ఒంటరితనం ఎందుకు అంత బాధ? షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ కాసియోప్పో ఏళ్ల తరబడి ఇదే పరిశోధించాడు. ఆయన చెప్పినదాని ప్రకారం ఆకలి, దాహం లాంటిదే ఒంటరితనం కూడా. మంద నుంచి తప్పిపోయిన జీవికి ప్రమాదం ఎక్కువ కాబట్టి, తిరిగి మందలో కలవమని శరీరం చేసే హెచ్చరిక. ఆ హెచ్చరిక రోజుల తరబడి ఆగకపోతే మాత్రం ఎదురు తిరుగుతుంది. నిద్ర తేలికైపోతుంది, చిన్న శబ్దానికే మెలకువ వస్తుంది. ఎదుటివాళ్ల ముఖంలో చిరాకు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. దాంతో మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. చుట్టూ ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఒంటరితనం రాదు. వాళ్లలో నాకు చోటుందా లేదా అని ఆ మనిషికి అనిపించేదాన్ని బట్టి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోంది. దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి సుమారు 8,71,000.

కొండ ఊళ్లో ఒంటరితనమేమిటని అడగొచ్చు. ఇరవై ముప్పై గడపలు, అందరూ వరసైనవాళ్లే. నిజమే, ఒక్కడే ఉండటానికి అక్కడ వీలే లేదు. కానీ ఊరు దుక్కికి పోతుంది, కాఫీ తోటకు పోతుంది, సంతకు పోతుంది. జబ్బు మనిషి అరుగు మీదే ఉంటాడు. వేళకు అన్నం పెడతారు, చీకటి పడితే లోపలికి పిలుస్తారు. ఎవరూ హింస పెట్టరు, ఎవరూ పని చెప్పరు. స్కిజోఫ్రీనియాలో లేని మాటలు వినిపించడం, లేని శత్రువులు కనిపించడం ఒక ఎత్తు. ఆసక్తి చచ్చిపోవడం, మాట తగ్గిపోవడం, ముఖంలో భావమే లేకపోవడం ఇంకో ఎత్తు. మొదటిదాని మీద మందులు బాగానే పనిచేస్తాయి. రెండోదాని మీద వాటి ప్రభావం తక్కువ. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం అనుకుంటారు.

ఈ రెండో రకం లక్షణాల మీద 1960ల్లో ఇంగ్లండులో జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ అనే ఇద్దరు మూడు మానసిక ఆసుపత్రులను పోల్చి చూస్తూ ఏళ్లపాటు పరిశీలించారు. దీర్ఘకాలంగా అక్కడే ఉండిపోయిన రోగుల్లో ఎవరు మెరుగుపడ్డారు, ఎందుకు మెరుగుపడ్డారని లెక్క తీస్తే, మెరుగుదలతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడింది ఒకటే: ఏ పనీ లేకుండా ఊరికే గడిపే సమయం తగ్గడం. జబ్బులో కొంత భాగం ఆ ఖాళీయే తయారు చేస్తోందన్నమాట. ఆసుపత్రి వార్డుకు వర్తించేది ఇంటి అరుగుకూ వర్తిస్తుందని నా నమ్మకం.

ఇదే జార్జ్ బ్రౌన్ అంతకుముందే ఇంకో చిత్రమైన సంగతి గమనించాడు. ఆసుపత్రి నుంచి బాగుపడి ఇంటికెళ్లిన వాళ్లలో కొందరికి త్వరగా తిరగబెడుతోంది, అదీ కుటుంబంతో కలిసి ఉన్నవాళ్లకు. తర్వాత క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ లండన్‌లో కుటుంబాలతో మాట్లాడి, ఆ మాటల్లో దెప్పిపొడుపు ఎంత ఉంది, అతి జోక్యం ఎంత ఉందని కొలిచారు. 1976లో వాళ్లు ప్రకటించిన అంకెలను మనోవైద్యంలో ఇప్పటికీ తలుచుకుంటారు. దెప్పుళ్లు తక్కువగా ఉన్న ఇళ్లలో తొమ్మిది నెలల్లో జబ్బు తిరగబెట్టింది 13 శాతం మందికే. దెప్పుళ్లు ఎక్కువగా ఉన్న ఇళ్లలో, వారానికి 35 గంటలకు మించి ఆ మనుషుల ఎదుటే గడిపేవాళ్లలో 69 శాతం మందికి తిరగబెట్టింది. అవే దెప్పుళ్లున్నా 35 గంటల లోపు గడిపేవాళ్లలో అది 28 శాతం.

దెప్పడమంటే పెద్ద తిట్లేమీ అక్కర్లేదు. "తిని కూకోడమే గానీ పనేటైనా సేత్తాడా ఈడు" అన్న మాట రోజుకు పదిసార్లు వినిపిస్తే చాలు. అనేవాళ్లకూ ప్రేమ లేక కాదు. అలిసిపోయి అంటారు. అందుకే ఆ 35 గంటల గీత నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. జబ్బు మనిషి రోజులో కొన్ని గంటలు ఇంటి బయట ఇంకెక్కడైనా, ఇంకెవరి మధ్యనైనా ఉంటే అతనికీ ఊపిరి ఆడుతుంది, ఇంట్లోవాళ్లకూ ఆడుతుంది. లెఫ్, భారతీయ మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ బృందంతో కలిసి చండీగఢ్ ప్రాంతంలో ఇదే కొలత చేసి 1987లో ప్రకటించాడు. లండన్‌కన్నా అక్కడి కుటుంబాల్లో దెప్పుళ్లు చాలా తక్కువ, నగరంలోకన్నా పల్లెల్లో ఇంకా తక్కువ.

ఇలాంటి ఫలితాలు చూసి, పల్లెటూరి సమాజమే మందు అనేసుకునే ప్రమాదముంది. పేద దేశాల్లో స్కిజోఫ్రీనియా త్వరగా నయమవుతుందని 1960ల చివర మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాలు చెప్పాయి. మన ఆగ్రా కూడా అందులో ఒక కేంద్రం. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోదగ్గది కాదని 2008లో ఇంకొందరు పరిశోధకులు ఎన్నో దేశాల ఆధారాలు ముందుపెట్టి వాదించారు. మన మన్యం సంగతే చూడండి. పశువు చచ్చినా, పిల్లకు జ్వరం తగ్గకపోయినా ఫలానావాడు చిల్లంగి (చేతబడి) పెట్టాడన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు ఇక్కడ ఉన్నాయి. తనలో తాను గొణుక్కుంటూ రాత్రుళ్లు తిరిగే మనిషి మీదకు ఆ అనుమానం తేలిగ్గా పాకుతుంది. దగ్గరితనం కాపాడుతుంది, అదే దగ్గరితనం కాటూ వేస్తుంది. కాబట్టి ముందు జబ్బును జబ్బుగా ఊరికి తెలియజెప్పాలి. పూజ చేయవద్దని ఊరి పూజలు చేసే దిసారితో తగవు పెట్టుకోవడం వల్ల ఒరిగేది లేదు. పూజ అయ్యాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) పంపమని ఆయననే అడగడం మేలు. ఆయన మాట ఊరు వింటుంది.

ఆసుపత్రి దూరం మరో చిక్కు. ఉత్తరాంధ్రకంతటికీ పెద్ద దిక్కు విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. హుకుంపేట నుంచి ఘాట్ రోడ్డు దిగి వందకు పైగా కిలోమీటర్లు పోవాలి. రోడ్డు లేని ఊరైతే ముందు కాలిబాటన నడిచి రావాలి. మనిషి రెచ్చిపోయి ఉన్నప్పుడు ఎలాగో తీసుకెళ్తారు. కాస్త తగ్గాక ప్రతి నెలా మందుల కోసం ఒక రోజు కూలీ, ఇద్దరి బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లడం ఎవరి వల్లా కాదు. మందు ఆగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఫ్లూఫెనజిన్ లాంటి ఇంజెక్షన్లు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. డాక్టరు రాసిచ్చాక వాటిని మండలంలోనే వేయగలిగితే, అదీ సంత రోజున వేయగలిగితే, మనిషి ఎలాగూ సంతకు వస్తాడు. ఒక పనికి వచ్చి రెండు పనులు చేసుకుపోతాడు. ఏజెన్సీలో వైద్య శిబిరాలు ఏ రోజున పెట్టాలో నిర్ణయించేవాళ్లు సంతల పట్టిక ఒకటి గోడకు తగిలించుకుంటే బాగుణ్ను.

నేస్తాలు, ఇరుగుపొరుగులు చేయగలిగే సాయం ఎంత, డాక్టరు చేయాల్సింది ఎంత అన్నదానికి తెలుగు నేల మీదే ఒక మంచి ప్రయోగం జరిగింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరున ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి ఇంటింటికీ పంపారు. అడగాల్సిన ప్రశ్నలు అందులోనే ఉంటాయి: నిద్ర పడుతోందా, దేనిమీదైనా మనసు పోతోందా, బతకడం ఎందుకనిపిస్తోందా. తేడా ఉందనిపిస్తే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపుతారు. ఏం చేయాలో డాక్టరుకూ ట్యాబ్ దారి చూపుతుంది. దానికి ముందే ఊళ్లలో మానసిక జబ్బంటే భయం, వెలి పోగొట్టడానికి నాటకాలు, వీడియోలతో ప్రచారం చేశారు. 2017లో వచ్చిన లెక్క ప్రకారం 5,007 మందిని అడిగితే 238 మందికి దిగులో ఆందోళనో ఉన్నట్టు తేలింది. ఆ 238 మందిలో అంతకుముందు ఈ బాధకు చికిత్స కోసం వెళ్లినవాళ్లు ఇద్దరు. ఈ కార్యక్రమం నడిచిన కాలంలో డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు 30 మంది.

రెండు నుంచి ముప్పై అన్నది మంచి పెరుగుదలే. కానీ నేను మిగిలిన 208 మంది గురించి ఆలోచిస్తాను. ఆశా వచ్చి, పక్కన కూర్చుని, "అమ్మా, రాత్రి నిదర పడతందా?" అని అడిగాక కూడా వాళ్లు ఆసుపత్రి గుమ్మం ఎక్కలేదు. బహుశా వాళ్లలో కొందరికి ఆ అడగడమే సరిపోయి ఉంటుంది. మిగతావాళ్ల దగ్గరికి ఆసుపత్రి కాక ఇంకేదో రావాలి.

ఆ ఇంకేదో ఎలా ఉంటుందో జింబాబ్వేలో చూడొచ్చు. హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు 2006లో పేటల్లోని ముసలమ్మలను పోగుచేసి శిక్షణ ఇచ్చాడు. దవాఖానా బయట చెట్టు కింద ఒక బెంచీ. దాని మీద కష్టం చెప్పుకునే మనిషి, పక్కన అవ్వ. ఆమె సలహాలు దంచదు. ఉన్న కష్టాల్లో ఒకదాన్ని ఎంచుకోమంటుంది, దానికి ఈ వారం చేయగలిగేదేమిటో ఆ మనిషి నోటే చెప్పిస్తుంది. మళ్లీ రమ్మంటుంది. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితం 2016లో వచ్చింది. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం పొందినవాళ్లలో దాదాపు సగం మందికి దిగులు లక్షణాలు మిగిలే ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో అవి 14 శాతం లోపే. ఆ తర్వాతి అంకం నాకు ఇంకా నచ్చింది. బెంచీ దాకా వచ్చినవాళ్లు వారానికోసారి ఒకచోట చేరి, వాడిపారేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు. చేతికి పని ఉంటే నోటికి మాట సులువు.

మన్యంలో ఆ సంచుల స్థానంలో అడ్డాకు ఉంది. అడవి నుంచి ఆకు తెచ్చి, ఆరబెట్టి, కట్టలు కట్టడం, విస్తళ్లు కుట్టడం ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చేసే పనే. చింతపండు పిక్క తీయడమూ అంతే. దిగులుతో ఉన్న మనిషిని సలహా కేంద్రానికి రమ్మంటే రాదు. ఆకు కట్టలకు సాయం రమ్మంటే రావచ్చు. హుకుంపేటలో ఏదో సంఘాన్ని కొత్తగా పెట్టాల్సిన పని ఉందని నేననుకోను. గుంపులు ఉండనే ఉన్నాయి. వాటిలో ఒకరిని అదనంగా కూర్చోబెట్టాలి, అంతే. ఆ అంతే అన్నదానికే ఎవరో ఒకరు పూనుకోవాలి. మొదటి నెల రోజులు ఇంటికి వెళ్లి పిలుచుకురావాలి, రానన్నా మర్నాడు మళ్లీ వెళ్లాలి.

అలా ఇంటికి వెళ్లి పిలిచే మనిషి ఉంటే ఫలితం ఉంటుందని స్కిజోఫ్రీనియా విషయంలోనూ ఆధారం ఉంది. తమిళనాడులోని కాంచీపురం ప్రాంతం, గోవా, మహారాష్ట్రలోని సతారా ప్రాంతాల్లో 282 మందితో జరిగిన పరీక్ష 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. డాక్టర్లు కాని స్థానికులకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. మందు వేసుకునేలా చూడటం, నలుగురిలోకి తీసుకెళ్లడం, పింఛను కాగితాలు రాయించడం వాళ్ల పని. ఆసుపత్రి వైద్యం మాత్రమే పొందినవాళ్లకన్నా వీళ్లు కొంత మెరుగ్గా ఉన్నారు, ముఖ్యంగా తమిళనాడు పల్లెల్లో. మెరుగుదల బ్రహ్మాండం కాదు. ఈ జబ్బులో బ్రహ్మాండాలు ఉండవు.

బుద్ధిమాంద్యం సంగతి వేరు. అది జబ్బు కాదు, మందుతో పోయేదీ కాదు. పుట్టుకతోనే రావచ్చు. కాన్పులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోయినా, చిన్నతనంలో మలేరియా మెదడుకు ఎక్కినా రావచ్చు. నిండు గర్భిణిని డోలీలో మోసుకుపోవాల్సిన ఊళ్లలో ఈ కారణాలు ఎంత దగ్గరివో చెప్పక్కర్లేదు. ఇలాంటి పిల్లలకు ఏదైనా నేర్పాలంటే పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడమే పద్ధతి. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ బుద్ధిమాంద్యుల సంస్థ నుంచి ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల దాకా అందరూ పట్టుకున్నది ఇదే.

సంతలో ఉప్పు ప్యాకెట్టు కొనడం తీసుకోండి. మనకు ఒకటే పని. విడగొడితే దుకాణం గుర్తుపట్టడం, ముందున్నవాళ్లు తప్పుకునేదాకా ఆగడం, కావలసింది చూపించడం, నోటు ఇవ్వడం, చిల్లర కోసం చెయ్యి చాపి నిలబడటం, సరుకు సంచిలో వేసుకోవడం. మొదట అన్నీ అమ్మ చేస్తుంది, చివరి మెట్టు మాత్రం పిల్ల చేస్తుంది. అది అలవాటయ్యాక చివరి రెండూ పిల్లవే. ఇలా వెనక నుంచి ముందుకు వస్తే ప్రతిసారీ పని పూర్తయిన సంతోషంతోనే ఆగుతుంది. వారం వారం అదే దుకాణానికి వెళ్తే దుకాణదారుకూ ముఖం అలవాటవుతుంది. ఒక వారం రాకపోతే "పిల్ల ఏది?" అని అడుగుతాడు. ఇంటివాళ్లు కాని, జీతం తీసుకుని చూసుకునేవాళ్లు కాని ఒక మనిషి తన గురించి అడగడం బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల జీవితంలో ఎక్కడైనా అరుదే.

కాగితాల సంగతి చప్పున చెప్పేస్తాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో బుద్ధిమాంద్యమూ ఉంది, మానసిక జబ్బూ ఉంది. మానసిక జబ్బు ఉన్నవాళ్లకు సమాజంలో కలిసి బతికే హక్కు ఉందని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను. సిగ్నల్ దొరికే చోటి నుంచి 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ సలహాదారు తెలుగులో మాట్లాడతారు. ఇవన్నీ కావాలి. పింఛను వచ్చాక ఇంట్లో దెప్పుళ్లు తగ్గడమూ ఉంది. డబ్బు మనసునూ అంత మారుస్తుంది.

పింఛను డబ్బు వేరు, సంపాదించిన డబ్బు వేరు. కాఫీ పండ్లు కోసే రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. నవంబరు నుంచి కొండంతా తోటల్లోనే ఉంటుంది. కాఫీలో ఎర్రగా పండినదే కోయాలి, పచ్చిది కలిస్తే రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. అక్షరాలు రాని, లెక్కలు రాని కుర్రాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడానికి ఏ అడ్డూ ఉండక్కర్లేదు. పైగా తొందరపడే చేతికన్నా ఆగి చూసే చెయ్యి ఇక్కడ మేలు. వరసగా కొమ్మలు వంచుకుంటూ నలుగురు కోస్తుంటే ఐదోవాడుగా అతన్ని నిలబెట్టొచ్చు. మందుల మత్తు ఉన్నవాళ్లను ఏటవాలు చోట కాకుండా చదునైన మడిలో ఉంచాలి, ఎండ ఎక్కాక కాస్త కూర్చోబెట్టాలి, నీళ్లు ఎక్కువ తాగించాలి. సాయంత్రం పండ్లు తూచేటప్పుడు అతను కోసినవి తల్లి బుట్టలో కలిపేయకూడదు. రెండు కిలోలైనా సరే, విడిగా తూచి, పుస్తకంలో అతని పేరునే రాసి, కూలీ అతని చేతికే ఇవ్వాలి.